ఎంట్రీ ఫారంలో హాతీరాం ఊరు

చీమలవాగు తండాకు వచ్చిన రోజున నా చేతిలో ఉన్నవి రెండు బస్తాల ఎండుచేపలు, ఒక గోనెసంచి పొగాకు, ఒక త్రాసు, మా బావమరిది స్కూలు సామాన్ల కొట్లో మూడేళ్లుగా అమ్ముడుపోని వాలీబాలు ఒకటి. అది డెబ్బై ఎనిమిది, దసరా ముందు. బోనకల్ స్టేషన్ దగ్గరి కొట్టు పంపకాల్లో మా అన్నకు పోయింది. నాకు సరుకు వచ్చింది, దాన్ని అమ్ముకునే చోటు రాలేదు. భద్రాచలం దాకా బస్సులో, అక్కడినుంచి ఇంకో బస్సు ఆగిపోయేదాకా, ఆ తర్వాత ఎడ్లబండి మీద వెళ్లాను. పోటీ కొట్టు లేని ఊరు దొరికేదాకా ఆగలేదు.

ఏజెన్సీలో మా వంటి గిరిజనేతరులు సెంటు భూమి కొనడానికి వీల్లేదు. అందుకని జమ్లి అనే లంబాడా విధవ ఇంటి వసారా కిరాయికి తీసుకున్నాను. ఆమెకు ఒక్కడే కొడుకు, హాతీరాం. అప్పుడతనికి పద్దెనిమిదేళ్లు. చేతులు మోకాళ్లదాకా వచ్చేవి. నేను బేరగాణ్ణి, మనిషిని చూడగానే ఎందుకు పనికొస్తాడో చూస్తాను. ఆ చేతులు చూసి, అమ్ముడుపోని బంతిని కొట్టు ముందు వేలాడదీశాను.

ఆట కోసం వచ్చినవాడు దాహం తీరేదాకా కూర్చుంటాడు. కూర్చున్నవాడు బీడీ అడుగుతాడు. నా లెక్క అంతే. గోదావరి బెస్తల దగ్గర పాత వల తెచ్చి, రెండు మద్దిచెట్ల నడుమ కట్టించాను. నెల తిరిగేసరికి సాయంత్రాలు ముప్పైమంది పోగయ్యేవాళ్లు.

ఆ మద్దిచెట్ల సంగతి చెప్పాలి. ఒక్కో చెట్టుకు రెండు నంబర్లుండేవి. తెల్లరంగుది మన అటవీశాఖ వాళ్లది, ఎర్రరంగుది మధ్యప్రదేశ్ వాళ్లది. రెండు రాష్ట్రాలకూ వాగే హద్దు. రెండేళ్ల కిందటి వరదకు వాగు దారి మార్చుకుని తండా వెనకనుంచి పారడం మొదలుపెట్టింది. నీళ్లు పారేదే హద్దు అనుకుంటే తండా బస్తర్ జిల్లాలో పడింది. ఎండిపోయిన పాత గుంట హద్దు అనుకుంటే ఖమ్మం జిల్లాలోనే ఉంది. ఇద్దరు గార్డులూ వచ్చేవాళ్లు, ఇద్దరూ కోళ్లు పట్టుకుపోయేవాళ్లు. జనాభా లెక్కలప్పుడు రెండు వైపులవాళ్లూ వచ్చి తలుపుల మీద అంకెలు వేసిపోయారు. వైద్యానికో రోడ్డుకో అర్జీ పెడితే మాత్రం రెండు ఆఫీసులూ అవతలివాళ్లను అడగమనేవి.

జట్టు తయారయ్యాక పేరు పెట్టాల్సి వచ్చింది. బంతిని పైకి లేపి ఇచ్చే దేవ్‌సింగ్ అడిగాడు.

"ఏం పేరు పెడదాం సేటూ? ఆంధ్రా అంటే అవతలి గార్డు తంతడు. బస్తర్ అంటే ఇవతలోడు తంతడు."

"భారత్ క్లబ్బు అని పెడదాం. రాష్ట్రం పేరైతే ఎవడో ఒకడు కొడతడు. దేశం పేరైతే ఇద్దరూ సెల్యూట్ కొట్టాలె," అన్నాను.

పిల్లలు నవ్వారు. బోర్డు నేనే రాశాను. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అన్నీ నేనే. తండాలో అర్జీలూ బోర్డులూ రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మరి. హిందీ కూడా రాయగలను, స్టేషన్లో రైల్వేవాళ్ల సావాసంతో వచ్చిన విద్య.

భద్రాచలంలో ఆగస్టు పదిహేను పోటీలకు తీసుకుపోతే మైదానం చుట్టూ జనం "బస్తరోళ్లు వచ్చిండ్రు రా!" అని ఈలలు వేశారు. వాగవతల సంతలో ఆడితే "ఆంధ్రావాలే" అని మట్టిబెడ్డలు విసిరారు. తిరిగివచ్చేటప్పుడు దేవ్‌సింగ్ పాడుతున్నట్టు అనేవాడు: "గోదారి ఒడ్డుకు పోతే బస్తరోళ్లం, వాగు దాటితే ఆంధ్రోళ్లం. ఇంటికాడనే మనకు ఊరు లేదు, అన్నా!"

హాతీరాం నవ్వేవాడు కాదు. అతనికి ఆ కూతలు గుచ్చుకునేవి. ఒకసారి నాతో అన్నాడు. "ఏదో ఒక బడా జట్టులో ఆడి, బనీను మీద మా జిల్లా పేరు రాసుకొని ఈ మైదానంలకే రావాలె సేటూ. అప్పుడు చూస్త ఎవడు ఈలేస్తడో."

నేను సరే అన్నాను. ఆశ పెట్టుకున్నవాడు రోజూ ఆటకు వస్తాడు.

ఎనభై రెండు డిసెంబరులో రాందులార్ అనే ఠేకేదారు జీపులో వచ్చాడు. వాగవతల బీడీల తునికాకు కొనే పన్నెండు కల్లాలు అతని గుత్తలో ఉండేవి. వాగవతలే ఉన్న పుట్టపాడులో జైహింద్ క్లబ్బు అని ఒకటి పెట్టి జనవరి ఇరవై ఆరు పోటీల్లో మూడేళ్లుగా ఓడిపోతున్నాడు. పోటీ పెట్టేది అక్కడి బ్లాకు అధికారులు. జెండా ఎగరేసిన చోట తన క్లబ్బు షీల్డు అందుకోవాలని అతని కోరిక.

"నీ జట్టును నాకివ్వు సేఠ్," అన్నాడు హిందీలో. "రెండు రోజుల పని."

"నీ క్లబ్బు జైహింద్, నా క్లబ్బు భారత్. ఒకే దేశం, అభ్యంతరమేముంది?" అన్నాను.

"అభ్యంతరం రూలుది. ఆడేవాడు మా బ్లాకువాడే కావాలి. ఫారంలో మూలనివాసం రాయాలి, ఊరి పటేలు దస్తఖతు పెట్టాలి. పటేలు నా మనిషి."

బదులుగా ఆకు సీజనులో పన్నెండు కల్లాల కూలీల రేషను నా కొట్టునుంచే ఎత్తుతానన్నాడు. బియ్యం, పప్పు, నూనె, పొగాకు, అంతా. నా కొట్టు అప్పటిదాకా ఏడాదికి అమ్మేది ఆ రెండు నెలల్లో అమ్ముతుంది. నేను బదులు చెప్పడానికి టీ తాగినంత సేపు తీసుకున్నాను, అది కూడా మర్యాద కోసమే.

కష్టం హాతీరాం దగ్గర వచ్చింది. మిగతా ఐదుగురూ బూట్లు ఇస్తారనగానే వేలిముద్రలు వేశారు. ఇతను ఆశ్రమ పాఠశాలలో అయిదు చదివాడు. ఫారం తిప్పి తిప్పి చూశాడు.

"ఇండ్ల పుట్టపాడు అని రాయమంటవా? మాది ఈ తండా కాదా సేటూ?"

"ఆటకోసం రాసే కాయితం రా. ఆట అయిపోయినంక ఎవడు చూస్తడు?"

"అబద్ధం రాస్తే తప్పు కాదా?"

అప్పుడు నేను అతని తల్లివైపు తిరిగాను. ఇన్నేళ్లు వాళ్ల వసారాలో ఉండి ఒకటి గమనించాను. మీది ఏ ఊరు అని లంబాడాను అడిగితే, తానిప్పుడున్న ఊరు చెప్పడు. తాత ఎడ్లమంద ఎక్కడ దిగేదో ఆ చోటు చెబుతాడు. వీళ్ల తాతలు సముద్రం వైపునుంచి ఉప్పు ఎడ్లమీద వేసుకుని బస్తర్‌కు తోలేవాళ్లు. పెళ్లి మాటలకు కూర్చున్నా మొదట అడిగేది మంద దిగిన చోటే. దాన్నిబట్టే చుట్టరికం కలుస్తుంది. ఆ చోటు దాచినవాడికి పిల్లనివ్వరు.

"జమ్లీ, మీ మామ మంద ఎక్కడ దిగేది?"

"ఇంకెక్కడ? పుట్టపాడు చింతలకింద. మా మామకు నూటిరవై ఎడ్లు సేటూ. ఆ చింతలకిందనే మా ఆయన పుట్టిండు," అంది గర్వంగా.

"విన్నవా? ఇండ్ల అబద్ధమేముంది రా? మీ తాత చోటే రాస్తున్నం."

హాతీరాం తల్లిని చూశాడు. ఆమె "అవ్, నిజమే కద," అంది. అతను తన పేరు తానే రాశాడు. మూలనివాసం గడి నేను నింపాను.

పుట్టపాడు జైహింద్ క్లబ్బు ఆ ఏడు గెలిచింది. చివరి ఆటలో హాతీరాం కొట్టిన బంతులు అవతలివాళ్ల చేతుల్లో పడకముందే నేలను తాకేవి. జెండా కింద షీల్డు పట్టుకుని ఫొటో దిగారు. జాతీయగీతం పాడేటప్పుడు వాళ్లకు మాటలు రాకపోయినా పెదాలు కదిపారు. ఏప్రిల్‌లో పన్నెండు కల్లాలకు నా సరుకు వెళ్లింది. ఆ ఏడే వసారా వదిలి, జమ్లి పెరట్లోనే పెంకుటి కొట్టు కట్టాను. నేల ఆమె పేరున, గోడలు నావి.

ఎనభై నాలుగులో అతను కోరుకున్నది వచ్చింది. భద్రాచలం పోటీలు చూడటానికి బొగ్గు గనుల జట్టు శిక్షకుడు వచ్చాడు. హాతీరాం ఆట చూసి పక్కకు పిలిచి మాట్లాడాడు. జిల్లాలోని గిరిజన ఆటగాళ్ల కోటాలో ఒక పోస్టు ఖాళీ ఉంది. గనిలో ఉద్యోగం, క్వార్టరు, జట్టులో చోటు. కావలసింది ఒక్కటే, ఈ జిల్లా గిరిజనుడని తాలూకా ఆఫీసు సర్టిఫికెట్.

మన వైపు లంబాడాలను గిరిజనుల జాబితాలో చేర్చి అప్పటికి ఏడెనిమిదేళ్లయింది. వాగవతల వాళ్లకు ఆ లెక్క లేదు. అందుకే అటునుంచి వచ్చి ఇటు సర్టిఫికెట్ అడిగేవాళ్లమీద ఆఫీసులకు అనుమానం. హాతీరాం దరఖాస్తు పెట్టిన పదిరోజులకు ఆకాశరామన్న అర్జీ ఒకటి చేరింది. దానికి జెండా కింద ఫొటో, నా చేతిరాతతో ఉన్న ఎంట్రీ ఫారం నకలు కుట్టి ఉన్నాయి. పంపింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ పోస్టు కోసం ఇంకెవరో కాచుకుని ఉన్నారని మాత్రం తెలుసు.

తాలూకా ఆఫీసు గుమాస్తా చెంచురామయ్య విచారణ నోటీసు ఇవ్వడానికి స్వయంగా వచ్చాడు. మనిషి మంచివాడే. నా కొట్టు ముందు బల్లమీద కూర్చుని నిమ్మసోడా తాగాడు.

"స్కూలు రిజిస్టరు చూపిద్దామా?" అన్నాను.

"ఆ బడిల సగం మంది పిల్లలు వాగవతలోళ్లే వెంకటనారాయణ గారూ. దాన్ని మా తహసీల్దారు దొర ఒప్పుకోడు. ఇగ మీ వాంగ్మూలం మీదనే ఉన్నది. మీరు క్లబ్బు సెక్రటరీ, చదువుకున్నోళ్లు, వాళ్ల కులపోళ్లు కారు. ఆటకోసం తప్పు ఊరు రాసిన అని మీరు ఒక్కమాట అంటే పిలగాని పని అయితది."

"అంటే ఏమైతది నాకు?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "సర్కారు పోటీకి తప్పుడు కాయితం రాసిండని మీ ఫైల్ల పడతది. మార్చిల మీ కొట్టు లైసెన్సు రెన్యువలు గదా? దస్తఖతు పెట్టేది గదే దొర. ఏజెన్సీల బయటోని కొట్టు. నేను చెప్పుడేంది, మీకు తెల్వదా?"

ఆ వారమే రాందులార్ మనిషి కూడా వచ్చాడు. ఫారం తప్పని తేలితే షీల్డు వాపసు పోతుంది, పటేలుమీద కేసు పడుతుంది. అప్పుడు రేషను సంగతి మరిచిపొమ్మన్నాడు.

విచారణ ముందురోజు సాయంత్రం తల్లీకొడుకులు వచ్చారు. జమ్లి ఎప్పుడూ కూర్చునే గడపమీదే కూర్చుంది. హాతీరాం నిలబడ్డాడు.

"సేటూ, నువ్వే రాయించినవని చెప్పు. ఇంకేం వద్దు," అంది ఆమె. "ఆరేండ్లు నా ఇంట్ల ఉన్నవు. మేం ఏ ఊరోళ్లమో నీకు తెల్వదా?"

"తెలుసు జమ్లీ."

"గంతే చెప్పు మరి."

"చూద్దాం. రేపు దొర ఏమడుగుతడో."

"ఏమడుగుతడు? ఏ ఊరని అడుగుతడు," అన్నాడు హాతీరాం. "సేటూ, నేను నీ క్లబ్బుకు ఆడిన ఆటలల్ల ఎన్నడన్న పైస అడిగిన్నా?"

"అడగలే రా."

"ఇదొక్కటే అడుగుతున్న."

వాళ్లు వెళ్లాక మా ఆవిడ పద్మావతమ్మ లోపలినుంచి వచ్చింది. "ఆ పిల్లోడికి సాయం చెయ్యండి. వాడి చేతులమీదే మన కొట్టు లేచింది," అంది. నేను పద్దుల పుస్తకం ముందేసుకున్నాను. ఒకవైపు లైసెన్సు, పన్నెండు కల్లాలు, బోనకల్‌లో చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు. ఇంకోవైపు ఒక మాట. ఏ త్రాసులో వేసినా ముల్లు ఒకేవైపు వాలింది. నేను అలా తూచానని దాచుకోను.

తాలూకా ఆఫీసులో తహసీల్దారు ఫారం నా ముందు పెట్టాడు.

"ఈ చేతిరాత మీదేనా?"

"నాదేనండి."

"పుట్టపాడు అని ఎందుకు రాశారు?"

హాతీరాం నా ఎడమవైపు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"వాళ్లే చెప్పారు, నేను రాశాను," అన్నాను.

నేను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అడిగిందే చెప్పాను, అడగనిది చెప్పలేదు.

తహసీల్దారు హాతీరాం వైపు తిరిగాడు. పాతవాడు, లంబాడాల ఆచారం తెలిసినవాడు. "నువ్వు చెప్పినవా?" అని కూడా అడగలేదు. "మీ తాత మంద ఎక్కడ దిగేదోయ్?" అన్నాడు.

ఆ ఒక్కచోట తెలియదు అనొచ్చు. చనిపోయిన తాతను సాక్షిగా ఎవరు పిలుస్తారు? నేను అతని మొహం చూశాను. అతను నన్ను చూస్తున్నాడు. గోడ పక్కన జమ్లితోపాటు తండా పెద్దలు ఆరుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ఎదుట మంద దిగిన చోటు కాదనడం అతని వల్ల కాలేదు.

"పుట్టపాడు చింతలకింద దొరా," అన్నాడు.

పెద్దలు తలలూపారు. సరిగ్గా చెప్పాడని వాళ్లకు తృప్తి. చెంచురామయ్య కలం ఆపి ఒకసారి నావైపు చూసి, రాసుకున్నాడు. "మూలం పొరుగు రాష్ట్రము. సాక్షి ధ్రువీకరించినాడు." నేను కింద సంతకం చేశాను.

బయట మెట్లమీద జమ్లికి ఇంకా అర్థం కాలేదు. "పని అయినట్టేనా సేటూ? నిజమే చెప్పిండు కద వాడు?" అని అడిగింది. కొడుకే చెప్పాడు.

"అయింది యాడీ. మనం ఇక్కడోళ్లం కాదట." తర్వాత నావైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "సేటూ, రాత నీకు మంచిగ వస్తది. అటుపక్క నాకేమిస్తరో గది కూడ నువ్వే రాయి."

దేవ్‌సింగ్ అతని భుజం పట్టుకుని తీసుకుపోయాడు.

అటుపక్క ఏమీ ఇవ్వలేదు. హాతీరాం వర్షాకాలం పోయాక పుట్టపాడు వెళ్లి, అదే ఫారం చూపించి, బ్లాకు ఆఫీసులో నివాస పత్రం అడిగాడు. నువ్వు ఆంధ్రా ఇంట్లో పుట్టావు, ఆంధ్రా బడిలో చదివావు, ఆట కోసం వచ్చినవాడివి అని తిప్పి పంపారట. అక్కడ నిజం కనుక్కోవడానికి వాళ్లకు నా సాక్ష్యం అవసరం కాలేదు. రాందులార్ దయతలచి గోదాములో కాపలా పని ఇచ్చాడు. ఆకు సీజనులో నా బండ్లు వెళితే బస్తాలు దించి, లెక్క చూసి, చీటీమీద సంతకం పెట్టేది హాతీరామే. ఒక్క బస్తా కూడా ఎప్పుడూ తేడా రాలేదు. నాతో మాటకూడా రాలేదు.

అతను మళ్లీ బంతి ముట్టుకోలేదు. తొంభై ఒకటిలో పోలీసులు అడవి ఊళ్ల కుర్రాళ్లకు పోటీలు మొదలుపెట్టారు, వాగుకు ఇటూ అటూ కూడా. పిల్లలు ఎటువైపో తేల్చుకోవాలి మరి, అడవిలో అన్నల పిలుపు కూడా ఉండేది. బనీన్లు, బూట్లు, నైలాన్ వల ఇచ్చి, బనీన్లమీద జెండా బొమ్మ వేయించారు. క్లబ్బు స్థాపకుడినని నాకు శాలువా కప్పి మాట్లాడమన్నారు. క్రీడలు దేశభక్తిని పెంచుతాయని మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. దేవ్‌సింగ్ అప్పటికి జట్టు పెద్ద. అతను చప్పట్లు కొట్టకుండా వల ముడులు సరిచూసుకుంటూ ఉండిపోయాడు. దిగి వచ్చాక నా పక్కనుంచి పోతూ "మంచిగ చెప్పినవు సేటూ, ఫారం నింపినట్టే చెప్పినవు," అన్నాడు.

ఇది రాస్తున్నది తొంభై నాలుగులో. పదహారేళ్ల వ్యాపారానికి వచ్చిన ఫలితం చెప్పి ముగిస్తాను. కొట్టుకు సిమెంటు స్లాబు పడింది. లైసెన్సు ఒక్క ఏడు కూడా ఆగలేదు. బోనకల్‌లో ఇల్లు, పెద్దవాడికి బ్యాంకులో ఉద్యోగం. క్లబ్బుకు పదకొండు షీల్డులు వచ్చాయి, అన్నీ నా కొట్టు అరలోనే ఉన్నాయి. వాటి దుమ్ము దులిపే పని పద్మావతమ్మ మానేసి పదేళ్లయింది. హాతీరాంకు ముప్పై నాలుగేళ్లు. రెండు రాష్ట్రాల్లో దేనికీ చెందినవాడని కాగితం లేదు. పెళ్లి మాత్రం అయింది. మంద దిగిన చోటు దాచలేదు కనుక వాళ్లలో పిల్లనిచ్చారు.

జమ్లి ఇప్పటికీ నూనెకూ కారానికీ నా కొట్టుకే వస్తుంది. గడపమీద కూర్చోవడం మానేసింది. నిలబడే డబ్బులిచ్చి, నిలబడే తీసుకుపోతుంది. ఈ చుట్టుపక్కల వేరే కొట్టు లేదు, అందుకే వస్తుంది. వేరే కొట్టు రాకుండా చూసుకున్నది నేనే. దాన్ని కూడా లాభంలోనే రాసుకోవాలి.